తోక వదలని చెయ్యి

పోయిన నెల ఒక సోమవారం పొద్దున మధురవాడలో నా క్లినిక్ తెరిచి, మొదటి కుక్కను బల్ల మీదకి ఎక్కిస్తుండగా ఫోన్ మోగింది. గాజువాక నుంచి బాబాయ్ వాళ్ల కోడలు. "మావయ్య పోయారమ్మా. టీ తాగీసి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి ఆనుకుండిపోయారు" అంది. నేను ఫోన్ పక్కన పెట్టి ఆ కుక్కకి టీకా వేశాను. ఆయన ఉంటే అదే చెయ్యమనేవారు. ముందు ఎదురుగా ఉన్న నోరులేనిదాని సంగతి చూడాలి, ఏడుపు ఎక్కడికీ పోదు. కుక్కను తీసుకుని వాళ్లు వెళ్లాక తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. నేను పశువుల డాక్టరుగా కొత్తగా చేరినప్పుడు, గాజువాక దాటాక ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో ఆయన అటెండరు. కాగితం మీద ఆయన నా కింద మనిషి. మూడో రోజుకే ఆ కాగితం సంగతి మరిచిపోయి బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను. పశువుల గురించి నాకు తెలిసినదాంట్లో సగం కాలేజీలో చదివింది. మిగతా సగం ఆయన పక్కన, గేదెల వెనక నిలబడి నేర్చుకున్నది.

గేదెల వెనక అని సరదాకి అనడం లేదు. ఆయన పద్ధతే అది. పశువు ఆవరణలోకి రాగానే ఎవరూ ముట్టుకోకూడదు. డాక్టరైనా సరే, నాలుగడుగులు ఎడంగా నిలబడి ముందు తోక చూడాలి, చూసింది ఒక్క మాటలో చెప్పాలి. "మొకం అబద్దమాడతాది గానమ్మా, తోక ఆడదు" అనేవారు. ఆ ఒక్క మాటలు ఆయన దగ్గర బోలెడు. ఈగల కోసం ఊపితే జాడింపు. కడుపునొప్పితో డొక్కలకేసి కొట్టుకుంటే బాదుడు. భయపడి కాళ్ల మధ్య పెట్టుకుంటే ముడుపు. ఈనబోయే ముందు తోక మొదట్లో రెండు పక్కలా కండ జారి గుంటలు పడితే ఒదులు. ఏ కదలికా లేకుండా తడిగుడ్డలా వేలాడే తోకకి మాత్రం ఆయన పేరు పెట్టలేదు. దాన్ని చూస్తూ మాట్లాడకూడదు, మందుల పెట్టె కోసం పరిగెత్తాలి.

ఒకసారి నా చదువు చూపించుకుందామని, బళ్లో నేర్చుకున్న తోక పేర్లు వాలం, పుచ్ఛం, లాంగూలం వరసగా అప్పజెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, "ఇన్ని పేర్లుండి ఒక్కటీ జబ్బు సెప్పదేటమ్మా" అన్నారు.

సామెతలతో ఆయనకి పెద్ద పేచీ. కుక్కతోక వంకర అని ఎవరైనా అంటే చాలు, వంకరగా ఉంటే దానికొచ్చిన నష్టమేమిటని నిలదీసేవారు. నా ట్రాన్స్‌ఫర్ ఆగినప్పుడు, నక్కతోక తొక్కి వచ్చావని ఎవరో అంటే, మరి ఆ నక్క గతేమిటని అడిగారు. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన గోదావరి జిల్లా ఆయన ఒకరు మా ఆసుపత్రికి ఆవును తెచ్చేవారు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది నీ వైద్యం అని ఆయన వేళాకోళమాడితే, మా బాబాయ్ నవ్వకుండా, "మీ గోదారి సంగతి నాకు తెలీదు బావా, కుక్కయితే బాగా ఈదుతాది" అన్నారు.

ఆదివారం ఫిషింగ్ హార్బరుకి వెళ్లినా ఇదే వరస. అందరూ మొప్పలు ఎత్తి చూస్తుంటే, ఈయన చేపను తల దగ్గర పట్టుకుని అడ్డంగా చాపేవారు. తోక బిర్రుగా నిలబడితే ఇవాళ్టిది, వాలిపోతే తిరిగి వాళ్ల బుట్టలోనే పడెయ్యడమే. చేపలమ్మే ఆడవాళ్లు ఆయన్ని చూడగానే పాత సరుకు వెనక్కి జరిపేవారని నాతో గొప్పగా చెప్పుకునేవారు. కొంచెం గొప్పలు ఉండేవి ఆయనకి, లేవని నేనెందుకు చెప్పాలి.

తరవాత నేను మధురవాడలో సొంత క్లినిక్ పెట్టుకున్నాను. బాబాయ్ చూడ్డానికి వచ్చిన రోజున, ఒకాయన చిన్న కుక్కపిల్లను తెచ్చి, అందంగా ఉంటుంది, తోక కత్తిరించమన్నాడు. బాబాయ్ మూల కుర్చీలోంచి లేచారు. "దానికున్న నాలికే అది బాబూ. కోసీసినాక అది కోపంగుందో కుశాలగుందో నీకెవుడు సెప్తాడు?" అన్నారు. వచ్చినాయన పిల్లను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నా క్లినిక్‌లో అందం కోసం ఒక్క తోక కూడా తెగలేదు, తెగదు కూడా.

ఇక అసలు సంగతి. ఇది నేను ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది.

చేరిన మొదటి ఎండాకాలం, మధ్యాహ్నం వేళ, గాజువాకలోనే ఒక ఇంటికి పిలిచారు. ఆ ఇంటావిడకి ఒక్కటే గేదె, దాని పాలతోనే ఇల్లు గడవాలి. ముందురోజు ఈనిన గేదె కూలబడిపోయింది. మెడ పక్కకి వాల్చేసింది, చెవులు చల్లబడ్డాయి, తోక తడిగుడ్డలా ఉంది. ఒంట్లో కాల్షియం అంతా పాలలోకి దిగిపోతే వచ్చే జబ్బు. మందు నాకు తెలుసు, సీసా నా చేతిలోనే ఉంది. తెలియనిదల్లా నిదానం. కాల్షియం నరంలోకి తొందరగా పోతే గుండె ఆగిపోతుందని పరీక్షలో రాసినదాన్నే, ఎదురుగా ఆవిడ గుండెలు బాదుకుంటుంటే, మందు త్వరగా దిగాలని సీసా ఎంత ఎత్తుకి వీలైతే అంత ఎత్తుకి లేపాను.

బాబాయ్ గేదె వెనక గొంతుక్కూర్చుని, తోక అడుగున రెండు వేళ్లు పెట్టి ఉన్నారు. పశువుకి నాడి అక్కడ దొరుకుతుంది. తోక వదిలేసి వచ్చి తల పట్టుకోమని కసిరాను. కోపంలో నువ్వు అనేశాను కూడా.

"ఒగ్గనమ్మా" అన్నారు. అంత మెత్తటి మనిషి నాకు ఎదురుచెప్పడం అదే మొదలు, అదే చివర. నేను ఇంకోమాట అనేలోపు, "ఆపీయండి. నాడి గెంతుతంది" అన్నారు.

ఆపాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ తెలియదు, నా పొగరుకి ఆపకూడదు. గొట్టం నొక్కిపట్టి నిలబడ్డాను. ఆయన కళ్లు మూసుకుని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. చాలాసేపటికి, ఇప్పుడు పోనీండి, సన్నంగా అన్నారు. ఆయన వేళ్లు చెప్పినట్టల్లా సీసా దించుతూ ఎత్తుతూ మందు పూర్తిచేశాను. గంటకి గేదె ఒకసారి వణికి, త్రేన్చి, తోక ఎత్తి ఇంత పేడ వేసింది. అంత అందమైన దృశ్యం నేను విశాఖ బీచ్‌లో కూడా చూడలేదు.

ఆవిడ పరిగెత్తుకొచ్చి నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. బాబాయ్ చేతులు కడుక్కుంటూ, డాక్టరమ్మ హస్తవాసి అలాంటిదని వీధంతా వినేటట్టు అన్నారు. నేను కాదనలేదు. ఆ మాట చుట్టుపక్కలంతా పాకింది. జనం నా పేరు అడుగుతూ వచ్చేవారు. ఆవిడ ఎక్కడ కనపడినా ఆగి దండం పెట్టేది, నేను తల ఊపి తీసుకునేదాన్ని. నాకు ధైర్యం, నిబ్బరం అన్నీ ఆ దండాల మీదే వచ్చాయి. తోక వదలమన్న సంగతి మాత్రం గొంతులోనే ఉండిపోయింది. బాబాయ్‌కి క్షమాపణ కూడా చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను, ఇంతలో ఆయనే లేకుండా పోయారు.

పెద్దకర్మ రోజు వాళ్లింటికి వెళ్లాను. పాయసానికని ఆ గేదె ఇంటావిడ పాల క్యాను మోసుకుని వచ్చింది. నన్ను చూసి ఎప్పటిలాగే క్యాను దించి చేతులు ఎత్తబోయింది. ఇక ఉండబట్టలేకపోయాను. ఆవిణ్ణి పందిరి చివరికి తీసుకెళ్లి, ఆ రోజు గేదెను బతికించింది నేను కాదు, నేను చంపబోయాను, ఆపింది ఆయన అని మొత్తం చెప్పేశాను.

ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా. నాను తల కాడే కూకున్నాను కదా, అన్నీ ఇన్నాను. నువ్వు బేగు సద్దుకుంతంటే ఆయనొచ్చి నా సెవిలో సెప్పినాడు. పిల్ల బెదిరిపోనాది, ఇయ్యాల గాని దాని తప్పని నలుగురూ అంటే మరి సూది ముట్టదు, నువ్వెళ్లి దండం పెట్టు, మిగతాది అదే నేర్సుకుంటాది అన్నాడు. పెట్టినాను. మల్లీ కనపడినప్పుడల్లా పెట్టమన్నాడు."

ఏడేళ్లుగా నేను సంపాదించుకున్నాననుకున్నవన్నీ ఆయన అడిగి ఇప్పించినవి.

"మరి నేర్సుకున్నావు కదమ్మా" అంది ఆవిడ. లోపల ఎవరో పాలకోసం కేక వేశారు. క్యాను ఎత్తుకోవడానికి వంగి, మళ్లీ లేచి, నా ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించింది. పాలు పితికి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ల సందుల్లో నురగ ఇంకా ఆరలేదు.