ఎదురింటి వంతు

స్టుట్‌గార్ట్‌లోని ఆ పాత మేడలో మెట్లు తుడిచే వంతు ఎవరిదైతే వాళ్ల తలుపుకి ఒక చెక్కపలక వేలాడుతుంది. వారం తిరగగానే దాన్ని ఎదురింటి తలుపుకి తగిలించాలి. మూడో అంతస్తులో అద్దెకుండే గుద్రూన్ మామ్మ తుడుస్తుంటే పనిచేస్తున్నట్టుండదు, నిద్రపోతున్న ఎవరి తలో నిమురుతున్నట్టుంటుంది. రంగు అద్దాల కిటికీలోంచి వెలుగు తడిమెట్ల మీద పడితే, ఏరు పారుతోందనుకుని కాసేపు చీపురు ఆపేస్తుంది. ఆ మెట్లెక్కే ఆమె కాపురానికొచ్చింది. ఆ మెట్ల మీదుగానే భర్తని మోసుకుపోయారు.

ఆ శనివారం ఇంటి యజమాని ఓట్‌మార్ తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. "మామ్మగారూ, మా ఇల్కేకి ఇల్లు కావాలి. సొంత అవసరముంది, ఖాళీ చెయ్యమని నోటీసిచ్చాను కదా, ఇంకా సామాను సర్దుకోలేదేం?" "నీ అవసరం నువ్వు చెప్పావు, నా అవసరం నేను చెప్పుకోవద్దూ? చట్టం నాకూ నోరిచ్చింది నాయనా. అభ్యంతరం రాసి పంపాను. ఈ వయసులో ఎక్కడికి పోను? ఎవరి గోడు బరువో జడ్జిగారే తూస్తారు. మెట్లు తడిగా ఉన్నాయి, బూట్లు విప్పి రండి." ఇల్కే బూట్లు కిందే విప్పేసి పైకొచ్చింది, వెనకాలే తండ్రీ వచ్చాడు. పలక ఎదురింటి తలుపుకి వేలాడుతోంది. "ఈ వారం వంతు వాళ్లదైతే మీరు తుడుస్తున్నారేం మామ్మా?" "వాళ్లెక్కడున్నారే తల్లీ! నిరుటి చలికాలం నుంచీ ఆ ఇల్లు ఖాళీ, మీ నాన్న తాళమేసే ఉంచాడు. వరస తప్పకూడదని పలక తగిలిస్తాను, తుడిచేది నేనే." ఇల్కే ఆ పలక తీసి చేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి తండ్రి ముందుకు చాపింది.

"తాళంచెవి ఇటివ్వు నాన్నా. ఈ వారం వంతు నాది."