ఒకే సీసాలో పోసిన పురుగులు

రెంటచింతలలో మా పక్కింటి అక్క మిరప వేస్తుంది. పుట్టిల్లు ఈపూరు. రెండుచోట్లా పైరు వేళ్లు తినే పురుగు వానలప్పుడు రెక్కలొచ్చి వేపచెట్లకు పడుతుంది. చూడ్డానికి ఒకటే పెంకుపురుగు. కాదంటుంది అక్క.

"ఇక్కడివి తొలి వానకే లేస్తాయి, ఈపూరువి రెండో వానకి గానీ లేవవు. అక్కడ మా అన్న కొట్టే మందు నా చేలో పనిచెయ్యదు."

"పురుగులక్కూడా కులాలు అంటగడతావేంది అక్కా?" అన్నాను. అరుగు మీద అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

డీఎన్‌ఏ పరీక్ష చేస్తానన్న ఒక పరిశోధకురాలు రెండు ఊళ్ల పురుగుల్నీ వేరువేరు సీసాల్లో నన్ను తెమ్మంది. అన్నీ ఒకటేలెమ్మని ఒకే సీసాలో పోసి ఇచ్చాను. కొన్నాళ్లకు ఫోన్ చేసింది.

"ఇందులో రెండు రకాలున్నాయండీ. ఏవి ఏ ఊరివి?"

హేతువాదిగా ఎక్కిన ప్రతి వేదిక మీదా రుజువు చూపించమని గొంతు చించుకున్నవాణ్ణి. చేతికొచ్చిన రుజువును నేనే చెడగొట్టాను. ఏ మందు కొట్టాలో తేలకుండానే అక్క పైరు ఈ ఏడూ ఎండిపోయింది.

వెళ్లి తలవంచుకుని చెప్పాను.

"కులాల్లేవని రెంటినీ కలిపేశావా తమ్ముడూ?" అంది. "మళ్లీ తొలకరికి రా. ఈసారి సీసాలు నా దగ్గరుంటాయి."