ఆరు నెలల తేడా

నిన్న స్కూల్లో మా అన్న మీదికి రిజిస్టరు విసిరికొట్టాను. ఒకటో తరగతి పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, "మైసరి టీచరుకి మతి పోయింది, తోడబుట్టినవాణ్ణి కొట్టింది" అని. కొట్టలేదు, విసిరాను. తగల్లేదు కూడా. తగిలుంటే బాగుండేది.

మా అన్న పేరు జీత్‌మాన్. బేసీసహర్ బజారు నుంచి లమ్‌జుంగ్ కొండల్లో ఉన్న మా ఊరికి జీపు తోలతాడు. ఆ మట్టి దారిలో ముసలమ్మలకి చెయ్యిచ్చి ఎక్కిస్తాడు, మేకల్ని జీపు మీదికెత్తి కడతాడు, ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు. నోట్లో నాలుక లేనివాడని పేరు. ఆ నాలుక జన్మలో ఒక్కసారి లేచింది. లేచి వాడి కొంపే ముంచింది.

మా ఊళ్లో మగపిల్లాడు పుడితే బొడ్డు కోయకముందే అడుగుతారు, లాహురే అవుతాడా అని. లాహురే అంటే పరాయి దేశపు సైన్యంలో, మా మాటలో పలటన్‌లో చేరినవాడు. యుద్ధం ఎవడిదో, ఎందుకో, మనకనవసరం. చేరితే చాలు. మా మామ ఖర్క్‌సింగ్, అంటే మా అమ్మకి అన్న, ఇండియా పలటన్‌లో హవల్దారు చేసి వచ్చాడు. పింఛనుతో రేకుల ఇల్లు కట్టి, మీసం దువ్వుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. మా నాన్న కొండచరియ విరిగి మీద పడి పోయాక మా ఇంటి పెత్తనమంతా ఆయనదే. "నేను ఇండియా దాకా వెళ్లాను, నా మేనల్లుడు బ్రిటిష్ పలటన్‌కి వెళ్తాడు" అని వాడికి పళ్లు రాకముందే చాటింపు వేశాడు.

వాణ్ణి స్కూల్లో వేసింది ఆయనే. మా అన్న పుట్టింది మా దేశపు పంచాంగం లెక్కలో 2041 మార్గశిరంలో. మామ 2043 మార్గశిరం అని రాయించాడు. రెండేళ్లు తగ్గిస్తే, వయసు దాటిపోయేలోగా భర్తీకి రెండుసార్లు ఎక్కువ వెళ్లొచ్చని లెక్క. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది! ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదు, ఊరందరిదీ అదే తెలివి. మా స్కూలు పాత రిజిస్టరు నా చేతిలోనే ఉంది. అందులో ఒక్క మగపిల్లాడి పుట్టినరోజూ నిజం కాదు. ఆడపిల్లలవి మాత్రం అన్నీ నిజాలే. మాకోసం అబద్ధమాడే తీరిక ఎవడికుంది?

నేను పుట్టింది 2044 జ్యేష్ఠంలో. అలాగే రాశారు. ఇప్పుడు లెక్కెయ్యండి.

ఎవరూ వెయ్యలేదు. పద్నాలుగేళ్లపాటు ఒక్కడూ వెయ్యలేదు.

మా అన్న తయారయ్యాడు. తెల్లవారుజామునే లేచి, డోకో బుట్టలో ఇసుక పోసుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని, వాగు దగ్గర్నుంచి ఊరి గుమ్మం దాకా పరుగెత్తేవాడు. నేను పైన రాయి మీద కూర్చుని మామ గడియారం చూసి అరిచేదాన్ని. "ముసలి గేదెలా ఎక్కుతున్నావు, అమ్మ పేడ తట్టతో నీకంటే ముందొచ్చింది!" అంటే రొప్పుతూనే నవ్వేవాడు. మొదటిసారి ఇంగ్లీషు పరీక్షలో పోయాడు. రెండోసారి పోఖరాలో భర్తీకి వెళ్లినప్పుడు పాతిక కిలోలతో ఐదు కిలోమీటర్ల కొండదారి ముప్ఫైతొమ్మిది నిమిషాల్లో ఎక్కేశాడు. ఇంగ్లీషు గట్టెక్కింది. పళ్లు, కళ్లు, గుండె అన్నీ చూశారు. ఇంక పలటన్ వాళ్లు ఇంటికొచ్చి, చెప్పినవి నిజమేనా అని విచారించడం ఒక్కటే మిగిలింది.

అదే నెలలో నాకు పౌరసత్వం కార్డొచ్చింది, పై చదువుకి కావాలని తీసుకున్నాను. మామకి చూపించాను సంబరంగా. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ముఖం బూడిదలా అయిపోయింది.

"ఒసేయ్, నువ్వు వీడి తర్వాత ఆరు నెలలకే పుట్టావే!"

"నేను పుట్టినప్పుడే పుట్టాను. వాణ్ణి నువ్వే ఆలస్యంగా పుట్టించావు" అన్నాను.

చెంప మీద ఒకటి పడింది. తర్వాత చల్లగా కూర్చుని దారి చెప్పాడు. విచారణ రోజున నేను మా అమ్మ కూతుర్ని కాదు. మామ కూతుర్ని. మేనత్తకి ఆడపిల్లలు లేరని ఇక్కడ పెరుగుతున్నాను. కార్డు రాగుల కుండలో దాచెయ్యాలి. ఒక్క పూటే కదా!

"ఈ మాట నేను చెప్పను" అంది అమ్మ.

"అయితే నీ కొడుకు జీవితాంతం పేడ మోస్తాడు" అన్నాడు మామ.

మా అన్న తల వంచుకుని గోడకి ఆనుకున్నాడు. నన్ను అడగలేదు, వద్దనీ అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా వాడి నుదుటి మీద పట్టీ ఒరుసుకుపోయి కాయకట్టిన గీత చూసి ఒప్పుకున్నాను. నిజంగానే ఒక్క పూటే కదా అనుకున్నాను.

విచారణకి పహల్‌మాన్ కప్తాన్ అనే పెద్దాయన వచ్చాడు. రిటైరయిన మనిషి, ఆయనా మా గురుంగ్ కులమే. చేతిలో ఫైలు. అమ్మ గుడ్లు ఉడకబెట్టింది, టీ పెట్టింది. ఆయన ఒక్కోటీ అడుగుతున్నాడు, టిక్కు పెడుతున్నాడు.

"నీకు పిల్లలెంతమందమ్మా?"

అమ్మ నావైపు చూడలేదు. "ఒక్కడే కప్తాన్ సాబ్."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో! ఊపిరి పీల్చినట్టు వచ్చింది. టీ గ్లాసులున్న పళ్లెం ఆయన ముందు ఠక్కున పెట్టాను, గ్లాసులు గలగలమన్నాయి. ఆయన తలెత్తాడు.

"ఈ అమ్మాయెవరు?"

"నా కూతురు సాబ్" అన్నాడు మామ, మీసం మీద చెయ్యి వేసి. "మేనత్త దగ్గరే ఉంటుంది."

కప్తాన్ ముఖం విప్పారింది. ఫైలు మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. పని అయిపోయింది, ఇక సరసం. మాలో మేనమామ కూతురంటే పెళ్లాడవలసిన పిల్లే. ఆ వరసలో ఎవరైనా వేళాకోళం ఆడొచ్చు, పెద్దలే ముందు మొదలుపెడతారు. ఇంతమంది తెలివిగలవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

"ఓహో, మరదలా! అందుకేనా కుర్రాడు ఇందాకట్నుంచీ నేల చూపులు చూస్తున్నాడు! ఏం బావా, ట్రైనింగు అయ్యాక వచ్చి కట్టుకుంటావా, లేక వెళ్లేముందే సింధూరం పెట్టేసి వెళ్తావా?"

మామ పెద్దగా నవ్వాడు. "తమరు దీవిస్తే ఈ కార్తీకంలోనే!"

అంతవరకూ వస్తాడనుకోలేదు నేను. కార్తీకం! ప్రతి కార్తీకంలో అన్నాచెల్లెళ్ల పండగనాడు గడప మీద అక్రోటు కాయ పగలగొట్టి, వీడి నుదుటి మీద ఏడు రంగుల బొట్టు, టీకా, పెట్టేది నేను.

"పిల్ల చూడు ఎలా కందిపోయిందో! ఏం తల్లీ, బావంటే ఇష్టమేనా? బావ పక్కన కూర్చో, జోడీ ఎలా ఉందో చూస్తాను" అన్నాడు కప్తాన్. పాపం, ఆయన తప్పేం లేదు. ఏ ఇంట్లోనైనా అలాగే అంటారు.

నేను కూర్చుందామనే అడుగేశాను. దేవుడి తోడు, కూర్చునేదాన్నే.

మా అన్న లేచాడు. "ఆపండి" అన్నాడు.  "ఇది నా చెల్లెలు. ఒక్క తల్లి కడుపున పుట్టాం. నా వయసు అబద్ధం, రెండేళ్లు తగ్గించారు. దీనిది నిజం."

మామ వాడి కాలర్ పట్టుకున్నాడు. "నోర్ముయ్యరా సన్నాసీ! సాబ్, వీడికి జ్వరం..."

కప్తాన్ చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. మా ఇద్దరి ముఖాలూ పోల్చి చూశాడు. తర్వాత అడిగాడు, "అసలు వయసెంతరా నీకు?"

"ఇరవై, సాబ్."

"ఇరవయ్యా?" ఆయన ఫైలు నేలకేసి కొట్టినంత పని చేశాడు. "ఇరవయ్యొకటి దాకా తీసుకుంటున్నాం కదరా! నిజం రాసుంటే ఈ పూట నీకు మిఠాయి తినిపించి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు దొంగ కాగితం పెట్టినవాణ్ణి ఎలా తీసుకోమంటావు?"

 ఆయన గుమ్మం దాటుతూ నా ముందు ఆగి, "క్షమించు తల్లీ" అన్నాడు. ఆ రోజు నాకు ఆ మాట చెప్పింది ఆయనొక్కడే. మామ నన్ను శనిగ్రహం అన్నాడు. అమ్మ ఉడికిన గుడ్లు తీసుకెళ్లి మేకల ముందు పడేసింది.

అన్న ఆ తర్వాత పోర్టరుగా బరువులు మోశాడు, తర్వాత జీపు నేర్చుకున్నాడు. భర్తీ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను టీచరునయ్యాను. తోడబుట్టినదాని పరువు కోసం పలటన్ వదులుకున్నవాడు ఇంకెవడున్నాడు చెప్పండి అని పక్క ఊళ్ల టీచర్లకి కూడా గొప్పగా చెప్పుకున్నాను. పద్దెనిమిదేళ్లు చెప్పుకున్నాను. ప్రతి కార్తీకంలో వాడి నుదుటి మీద ఆ పాత గీత పైనే టీకా పెడుతూ, కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

నిన్న పొద్దున జీపు స్కూలు ముందు ఆగింది. కొడుకు సుయోగ్‌ని ఒకటో తరగతిలో చేర్పించడానికి తెచ్చాడు. ఆరేళ్ల పిల్లాడు. నాకు ముద్దు. వాడు పుట్టిన రోజు మంత్రసాని పక్కన దీపం పట్టుకున్నది నేనే. రిజిస్టరు తెరిచి, పేరు రాసి, తేదీ దగ్గర పెన్ను పెట్టాను.

"రెండేళ్లు తగ్గించి రాయి" అన్నాడు మా అన్న.

వేళాకోళమనుకున్నాను. ముఖం చూశాను. కాదు.

"మళ్లీ అను?"

"నాలుగేళ్లని రాయి. భర్తీకి పనికొస్తుంది."

"నీకు బుద్ధుందా? నీకేం జరిగిందో మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. అందుకే ఆలోచించి చెప్తున్నాను." గొంతు తగ్గించాడు, పిల్లలు వింటారని. "అప్పుడు నా వెనక నువ్వు పుట్టబట్టి పట్టుబడ్డాం. వీడికి చెల్లెలు లేదు. ఇక ఉండదు కూడా, మీ వదినకి ఆపరేషన్ చేయించేశాను."

అప్పుడు విసిరాను రిజిస్టరు.

వాడు వంగి తీశాడు. చేతి రుమాలుతో దుమ్ము తుడిచి, అదే పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. నేను అసలు తేదీ రాశాను, నెలా సంవత్సరమూ సహా. ఎంత నొక్కి రాశానంటే కింది కాగితం మీద కూడా పడింది. చూసి వెళ్లిపోయాడు. కాసేపటికి జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

నాకోసం వదులుకున్నాడనుకున్నాను. వాడు మాత్రం చెల్లెలు లేకుండా చూసుకోవాలని నేర్చుకున్నాడు.

కార్తీకం వస్తోంది. టీకా పెట్టించుకోవడానికి వాణ్ణి రానివ్వండి, గడప దగ్గరే నిలబెట్టి కడిగేస్తాను.