జింక బిళ్ళలు

మా వదిన నోట్లో నాలుక లేని మనిషి కాదు. మిల్లు క్యాంటీన్లో అంతమందికి వండిపెట్టే మనిషికి నాలుక లేకపోతే ఎలా? ఆ నాలుక తిట్టడానికీ పనికొచ్చేది, రుచి చూడడానికీ పనికొచ్చేది. రెండింటిలోనూ గురి తప్పేది కాదు.

గంగాళంలో కూర తుకతుకలాడుతుంటే గరిటె చివర నుంచి ఒక్క చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని నాకేది. కళ్ళు మూసుకునేది. "సరిపోయింది" అనేది. ఆ మాట పడ్డాకే క్యాంటీన్లో కంచాలు కదిలేవి. అందరూ ఆమెను ఉప్పక్క అనేవారు. "ఉప్పక్క సరిపోయిందన్నాక దేవుడు దిగొచ్చి చెప్పినా ఇంకో చిటికెడు వెయ్యను" అనేది పక్కన కూరగాయలు తరిగే ఆవిడ. ఆ పేరు వింటే వదిన పైకి విసుక్కునేది గానీ లోపల ముచ్చటే.

ఆమె మా అన్నయ్య భార్య. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. ఆమె పొయ్యి ముందు, నేను కుట్టుమిషను ముందు ఇన్నేళ్ళూ బతుకు వెళ్ళదీశాం. కాబట్టి ఇది నాకు ఎవరో చెప్పిన సంగతి కాదు.

ఒక ఏడు ఊరంతా జ్వరాలు వచ్చాయి. వదినకూ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ రుచినీ వాసననీ పట్టుకుపోయింది. పనిలోకి వెళ్ళిన మొదటిరోజు కూర ఉప్పు కషాయమైంది. మర్నాడు జాగ్రత్తపడితే చప్పిడి ముద్దయింది. కంచాలు నిండుగా తిరిగొచ్చాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆమె తర్వాత నాతో అంది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. "అక్కా, కొన్నాళ్ళు గిన్నెల దగ్గర ఉండు. రుచి వచ్చాక మళ్ళీ పొయ్యి నీదే" అన్నాడు. పొయ్యి దగ్గర్నుంచి గిన్నెలు కడిగే తొట్టి దగ్గరికి పది అడుగులు కూడా ఉండవు. ఆ సాయంత్రం వదిన మా ఇంటికొచ్చి, నేను కుడుతున్న రవిక మీదే కన్నీళ్ళు తుడుచుకుని, "నా నాలుక చచ్చిపోయిందే. ఇంక నేనెందుకు?" అంది. అంత గట్టి మనిషి అలా అనడం నేను వినడం అదే మొదటిసారి.

మాకు వరసకు బాబాయి ఒకాయన ఉన్నాడు. వీధిలో ఎవరు తుమ్మినా విరుగుడు ఆయన జేబులోనే ఉంటుంది. సలహాల బాబాయి అంటాం. పిలవకుండానే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది జింకు తక్కువవడమే అమ్మాయ్. జింకు లేకపోతే నాలుక మొద్దుబారిపోతుంది. మొన్న నీ మనవరాలికి విరేచనాలైతే డాక్టరు ఏమిచ్చాడనుకున్నావు? జింకే!"

ఆయన పూర్తిగా అబద్ధం చెప్పాడని నేను అనను. జింకు తక్కువైతే రుచి మందగించే మాట నిజమే. గాయాలు మానడానికీ, రోగాలను తట్టుకోవడానికీ ఒంటికి అది కావాలి. పసిదానికి డాక్టరు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళతో పాటు జింకు ఇచ్చిన మాటా నిజమే. కానీ ఆ డాక్టరు, "రెండు వారాలు వేసి ఆపేయండి" అని కూడా అన్నాడు. బాబాయికి వేయమన్న మాట గుర్తుంది, ఆపమన్న మాట గుర్తులేదు. ఆయన వైద్యమంతా అలాగే ఉంటుంది.

మర్నాడే అన్నయ్య సీసా తెచ్చి గలగలా ఊపాడు. "ఇదిగోనే, జింక బిళ్ళలు! వేసుకో, జింకలా గంతులేస్తావు" అన్నాడు. వదిన ఏడుపు మొహంతోనే నవ్వింది. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు జింక బిళ్ళలే. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కొన్ని వారాలకు రుచి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే పెరటి గోడ మీంచి తల పెట్టి, "ఏమే! ఉప్పు తెలుస్తోందే!" అని అరిచింది. ఆ వారమే గరిటె పట్టుకుంది. "సరిపోయింది" అన్న మాట మళ్ళీ వినబడింది. క్యాంటీన్లో ఎవరో ఈల కూడా వేశారట.

అక్కడితో ఆ సీసా అవతల పారేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆమెకు భయం పట్టుకుంది. చెప్పకుండా పోయిన రుచి మళ్ళీ చెప్పకుండా పోదని ఎవరు మాటిచ్చారు? పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేది. ఏ రోజైనా కూర కాస్త చప్పగా తోస్తే మధ్యాహ్నం ఇంకొకటి. జలుబు చేస్తే ఆ పైన మరొకటి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది. "తిప్పుతోందంటే పనిచేస్తోందన్నమాట" అన్నాడు బాబాయి. సీసా అయిపోకముందే అన్నయ్య కొత్త సీసా తెచ్చేవాడు. పెళ్ళాం మీద ప్రేమ ఆయనకు మాటల్లో రాదు. అలా సీసాల్లో వచ్చింది.

ఏడాది దాటాక ఆమె మొహం పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. వీధి చివరి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రక్తం బాగా తక్కువగా ఉందన్నాడు.

"వేరే మందులేమన్నా వాడుతున్నారా?"

"అబ్బే, లేదండీ. తలనొప్పికి కూడా మందు మింగను" అంది వదిన గర్వంగా.

ఆమె అబద్ధం చెప్పలేదు. మా ఇళ్ళల్లో మందు వేరు, బలం బిళ్ళ వేరు. మందంటే రోగానికి వేసుకునేది. బలం బిళ్ళ తిండితో సమానం. నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నానని డాక్టరుతో ఎవరైనా చెప్పుకుంటారా? పక్కనే కూర్చున్న నాకు కూడా ఆ సీసా గుర్తురాలేదు. ఆయన ఐరన్ మాత్రలు రాశాడు. నెలలు గడిచినా రక్తం పెరగలేదు. "బలం చాలట్లేదు" అని తీర్మానించి ఇంట్లో అందరూ కలిసి జింక బిళ్ళ ఇంకొకటి పెంచారు.

ఆ తర్వాత కాళ్ళ సంగతి మొదలైంది. ఒక సాయంత్రం పని నుంచి ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది, ఆమెకు తెలియలేదు. "ఏమే, మతి కూడా క్యాంటీన్లోనే వదిలేసొచ్చావా?" అని అన్నయ్య వేళాకోళమాడాడు. ఆమె నవ్వలేదు. కాలి వంక వింతగా చూసుకుంది. "దూది మీద నడిచినట్టుందండీ" అంది. మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే తూలి గోడ పట్టుకునేది. నీరసం అనుకున్నాం. ఏది వచ్చినా నీరసం అనుకోవడం మాకు అలవాటు.

ఒకరోజు క్యాంటీన్లో గంజి వారుస్తుంటే గంగాళం ఒరిగింది. మరుగుతున్న గంజి ఆమె కుడిపాదం మీద పడింది. ఆమె గంగాళాన్ని నిలబెట్టి, పక్క పొయ్యి మీద కూర కలపసాగింది. కూరగాయల ఆవిడ పెట్టిన కేకకు మిల్లు గేటు దగ్గర్నుంచి జనం పరిగెత్తుకొచ్చారట. "ఎందుకే అరుస్తావు, ఏమైంది?" అని వదిన ఆమెనే కసిరింది. కిందికి చూసుకున్నాక గానీ కాలినట్టు తెలియలేదు. అప్పటికి పాదం తోలు ఊడి వచ్చేసింది.

పెద్దాసుపత్రిలో చేర్చాం. అక్కడి డాక్టరమ్మ కాలిన పుండు కంటే కాలలేదన్నట్టు కూర్చున్న మనిషినే ఎక్కువసేపు చూసింది. కళ్ళు మూయించి కాలి బొటనవేలు పైకీ కిందికీ కదిపి, ఎటు కదిపానో చెప్పమంది. వదిన చెప్పలేకపోయింది. షుగరు లేదు. మందులేమన్నా వాడుతున్నారా అని అడిగింది. "ఒక్కటీ లేదండీ" అని మళ్ళీ అదే జవాబు.

మధ్యాహ్నం నేను తెచ్చిన అన్నం తిన్నాక వదిన సంచిలోంచి సీసా తీసి, బిళ్ళ నోట్లో వేసుకోబోయింది. అప్పుడే డాక్టరమ్మ ఆ మంచం పక్కగా వెళ్తోంది.

"అదేంటమ్మా?"

"ఇది మందు కాదండీ. బలం బిళ్ళ."

డాక్టరమ్మ సీసా తీసుకుని చదివింది. "రోజుకు ఎన్ని?" అంది. వదిన చెప్పింది. "ఎన్నాళ్ళ నుంచి?" అది కూడా చెప్పింది. డాక్టరమ్మ మంచం మీదే కూర్చుండిపోయింది.

"పెద్దవాళ్ళకి రోజుకి పది మిల్లీగ్రాముల జింకు ఉంటే చాలమ్మా. చాలామందికి అది తిండిలోనే వచ్చేస్తుంది. డాక్టరు చూసి ఇస్తే తప్ప, తిండితో కలిపి నలభై దాటకూడదు. ఈ బిళ్ళ ఒక్కటే యాభై. జింకు ఎక్కువైతే పేగులు రాగిని ఒంట్లోకి రానివ్వవు. రాగి లేకపోతే రక్తం పట్టదు, నరాలు దెబ్బతింటాయి. పరీక్ష చేద్దాం గానీ, నాకు తెలిసి ఇదే."

అన్నయ్య తెల్లబోయాడు. "బలానికే కదండీ ఇచ్చింది. ఎక్కువైతే ఇంకాస్త బలం రావాలి గానీ..."

"ఉప్పు కూడా రుచికే కదండీ వేస్తారు" అంది డాక్టరమ్మ. వదిన తల దించుకుంది.

"రాగి చెంబులో నీళ్ళు తాగిస్తే?" అన్నాడు అన్నయ్య. ఆ గొంతు వింటే నవ్వు రాలేదు నాకు. చెంబుతో తీరేది కాదని, జింకు ఈ క్షణం నుంచే ఆపి, రాగి మందుగా ఇస్తామని ఆమె చెప్పింది. రక్తం త్వరలోనే పెరుగుతుందట. నరాలు ఎంతవరకు కోలుకుంటాయో చెప్పలేమట, ముందే వచ్చి ఉంటే వేరే సంగతట.

వదిన అడిగింది.

"డాక్టరమ్మా, జ్వరానికి పోయిన నా రుచి ఈ బిళ్ళలతోనే కదా వచ్చింది?"

డాక్టరమ్మ సీసాను అన్నయ్య చేతికిచ్చింది. "కచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ ఆ జ్వరంలో రుచి పోయినవాళ్ళలో చాలామందికి కొన్ని వారాలకి దానంతటదే వచ్చేసింది."

"అంటే... వేసుకోకపోయినా వచ్చేదా?"

"వచ్చే ఉండేదమ్మా, బహుశా."

అన్నయ్య లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి స్తంభం చాటున నిలబడి, తను తెచ్చిన సీసాను రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా వదినకు నాలుక మిగిలింది, కాళ్ళు పోయాయి.

పరీక్షల్లో డాక్టరమ్మ మాటే నిజమైంది. పుండు మానింది. రక్తం పెరిగి, మొహంలో కళ తిరిగొచ్చింది. కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. కర్ర పట్టుకుని, నేల వంక చూసుకుంటూ నడుస్తుంది. చూపు మళ్ళిస్తే పడుతుంది. వేడి పొయ్యిలున్న చోట అలాంటి మనిషిని ఎవరు నిలబెడతారు? మేనేజరు వచ్చి కూర్చుని, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆమె పొయ్యి దగ్గర ఇప్పుడు కూరగాయల ఆవిడ వండుతోంది.

బాబాయి కూడా వచ్చాడు. సిగ్గు లేకుండా జేబులోంచి ఇంకో సీసా తీశాడు, నరాలకట. నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "ఇది మందా, బలమా, బాబాయ్?" అంది. ఆయన "బలమే అమ్మాయ్" అన్నాడు. "అయితే నీ కాళ్ళకే ఉంచుకో" అని తిరిగి చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆయన మా గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు రెండిళ్ళ వంటా నాదే. మొన్న సాయంత్రం కూర దించబోతూ గరిటెతో ఒక చుక్క తీసుకెళ్ళి ఆమె ఎడమ అరచేతిలో వేశాను. నాకింది. కళ్ళు మూసుకుంది.

"అర చిటికెడు తక్కువైందే" అంది.

వేసి చూశాను. నిజంగానే అంతే తక్కువైంది. మళ్ళీ చుక్క వేశాను. "సరిపోయింది" అని సంతోషంగా నవ్వింది. కాసేపు బయట గాలికి కూర్చుంటానని కర్ర పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర మసకచీకటిగా ఉంది. అక్కడ ఆగి, నా వైపు తిరిగింది.

"చెప్పులు రెండూ వేసుకున్నానా? చూడవే" అంది.

చూశాను. ఒకటే వేసుకుంది. వంగి రెండోది తొడిగాను.