అయిదు ధారలు

శ్రీరామనవమి మరునాడు, శనివారం, తొమ్మిదింటి కోరుట్ల బస్సు వచ్చే వేళకు మా తమ్ముడు రాజేశం అమ్మ ఒళ్ళో తడిగుడ్డలా పడి ఉన్నాడు. నాకు అక్షరాలు వచ్చింది నా పిల్లలు పుట్టాక, కాబట్టి తారీఖు తెలియదు, పండుగా బస్సూ తెలుసు. ఇవాళ మనవరాలికి మందుల షాపు పొట్లం నీళ్ళలో కలుపుతుంటే నారింజ వాసన వచ్చింది. నాకు మాత్రం ఆనాటి ఉప్పునీళ్ళే గుర్తుకొచ్చాయి.

మా నాన్న, బాపు, దుబాయిలో ఉండేవాడు. ఇంట్లో మేము అవ్వ అని పిలిచే అమ్మ, నేను, తమ్ముడు, మా అందరి మీద పెత్తనం చేస్తూ నాయనమ్మ, మా బాపమ్మ. ఎండాకాలం పొద్దున పక్కింటి లచ్చవ్వత్త అరుగు మీద ఆడవాళ్ళంతా ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, తడిపిన తునికాకు పచ్చివాసన, తంబాకు ఘాటు, ఎవరింట్లోనో మిగిలిన ఉగాది భక్ష్యాలు పెనం మీద వేడి చేస్తున్న నెయ్యి కమ్మదనం అన్నీ కలిసి వచ్చేవి. మేము ఆడపిల్లలం ఉప్పూకారం అద్దిన మామిడి పిందెలు కొరుకుతూ, తుమ్ముతూ, ఆకు కత్తిరించి ఇస్తూ ఉండేవాళ్ళం.

డాక్టరు చదువుతున్న పిల్లలు ఆడవాళ్ళకు ఆరోగ్యం సంగతులు చెప్పడానికి ఊళ్ళు తిరుగుతున్నారని విన్నాం. వాళ్ళు చేసిన మొదటి తప్పు, "మీటింగుకు రండి" అనడం. నక్సలైట్లను మేము అన్నలు అనేవాళ్ళం. మీటింగు అంటే అన్నలదే, మర్నాడు పోలీసు జీపు రావాల్సిందే. పైగా ఈ పిల్లల భుజాలకు కూడా అన్నల్లాగే గుడ్డసంచులు. ఒక్కతీ కదల్లేదు. చివరికి పద్మజ అనే కోస్తా పిల్ల తనే వచ్చి అరుగు మీద చతికిలబడింది.

"పిల్లలకు విరేచనాలు అయితే..." అని మొదలుపెట్టింది.

"గవేంది బిడ్డా?" అంది లచ్చవ్వత్త.

పద్మజ సిగ్గుపడుతూ విడమరిచి చెప్పింది. అరుగంతా నవ్వింది. "పారుడు అనరాదా! గింత సదువు సదివి గా మాట రాదా?"

నీళ్ళు మానిపించొద్దు, కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్ళలో చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార కలిపి కొంచెం కొంచెంగా పట్టండి అని చెప్పింది. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి, తలలు ఊగాయి. తెలియని మాటను అడుగుతారు. తెలిసిందనుకున్న మాటను ఎవరు అడుగుతారు?

నవమి నాడు రాజేశానికి వాంతులు, పారుడు. అవ్వ దొంగచాటుగా ఆ నీళ్ళు కలిపింది. వాడు తాగలేదు, మొహం చిట్లించి ఉమ్మేశాడు. బాపమ్మ గిన్నె లాగేసింది. "నీళ్ళు పోసినకొద్ది పారుతది. బంద్ జెయ్! సంచులేసుకచ్చినోల్ల మాట ఇని పోరని పానం దీస్తవా?"

మర్నాడు పొద్దున వాడి కళ్ళు లోతుకు పోయాయి. ఏడుపు ఉంది, కన్నీళ్ళు లేవు, రాత్రి నుంచి ఉచ్చ లేదు. మళ్ళీ మా ఊరు వచ్చిన పద్మజ బస్సు దిగుతుంటే పరుగెత్తి, సంచి పట్టి లాక్కొచ్చాను. బాపమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. అవ్వ జీవితంలో మొదటిసారి అత్తకు ఎదురు చెప్పింది: "జరుగు అత్తా. నా కొడుకు."

పద్మజ గిన్నెలో వేలు ముంచి నాకింది. "పంచదార వేయలేదా అమ్మా?"

"ఏసిన. చెంచతోని నీళ్ళు అయిదు ధారలు పోసిన. కొంచెం కింద ఒలికిందని ఇంకో ధార గుడ పోసిన."

పద్మజకు అర్థం కాలేదు. వెనకే వచ్చిన లచ్చవ్వత్తకు అర్థమై నెత్తి కొట్టుకుంది. "ఓ పిల్లా! చక్కెరనా? పంచదార అంటే అయిదు ధారలనుకున్నది! చక్కెర అని చెప్పరాదా నీ నోరు పడిపోను!"

పద్మజ మొహం పాలిపోయింది. ఆ నీళ్ళు పారబోసి, బాపమ్మ వంక చూసింది. ఆమె లోపలికి పోయి చక్కెర డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

తర్వాత చెంచా వెంట చెంచా. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ చెంచా. అంతలో పోలీసు జీపు మా వాకిట్లో ఆగింది. బాపమ్మ పద్మజ చెవిలో "నోరు తెరువకు బిడ్డా, నీ మాటనే పట్టిస్తది" అని, ఎవరు ఈ పిల్ల అని అడిగిన పోలీసుకు తల ఎత్తకుండా జవాబిచ్చింది: "మా కోడలు చెల్లె. సంచిల పోరని గుడ్డలున్నయి, ఉతుకుతవా?" వాసనకో, మాటకో వాళ్ళు వెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుండగా రాజేశం పద్మజ చీర నిండా ఉచ్చ పోశాడు. ఆ పిల్ల లేవకుండా, ఒళ్ళు తడిసినా తుడుచుకోకుండా, వాణ్ణి పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

"ఇగో, చూడుండ్రి," అంది బాపమ్మ. "అసలు ధార గిది."

రాజేశం ఇప్పుడు తాత అయ్యాడు. బీడీలు చుట్టే అరుగు లేదు, అక్కడ ఏటీఎం ఉంది. తునికాకు వాసన మా వీధికి రాక చాలా ఏళ్ళయింది. మా ఊళ్ళో చక్కెర అనేవాళ్ళు కూడా తగ్గారు, పిల్లలకు షుగర్. బాపమ్మ, అవ్వ, లచ్చవ్వత్త ముగ్గురూ పోయారు. పద్మజ ఎక్కడ డాక్టరు అయిందో తెలియదు, ఇంటిపేరు ఎవరం అడగలేదు.

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళం: బాపమ్మ నర్సవ్వ, అవ్వ రాజవ్వ, లచ్చవ్వత్త, తమ్ముడు రాజేశం, గంగు అనే నేను, మా చిన్నమ్మ పద్మజ.