తలూపని కారు

వెర్నా ముప్పై ఏళ్లు చాండ్లర్ ఊళ్లో బడి ముందు నిలబడి పిల్లల్ని రోడ్డు దాటించింది. "ముందు డ్రైవర్ కళ్లలోకి చూడండి. అతను తలూపాకే అడుగెయ్యండి" అని అందరికీ చెప్పేది. రిటైరైనా, వెలిసిపోయిన నారింజరంగు కోటు తొడుక్కుని పొద్దున్నే ఆ బడి ముందున్న తెల్లచారల మీదుగా రోడ్డు దాటి ఎదుటి హోటల్‌కి కాఫీకి వెళుతుంది. ఎవరో ఒక డ్రైవర్ తలూపుతాడు, ఆమె చెయ్యెత్తుతుంది. ఒంటరి మనిషికి అదే రోజూ తొలి పలకరింపు.

పోయిన వారం ఆ చారల మీదే, డ్రైవర్ లేని కారు ఆర్విల్ అనే ముసలాయన్ని గుద్ది చంపింది. హోటల్లో అదే గొడవ. "రాళ్లేసి అద్దాలు పగలగొట్టాలి వీటికి!" అంటాడు మెకానిక్ డ్వేన్. "తాగి నడిపే నీకంటే అవే నయం" అంటుంది వడ్డించే లుపీటా. ఆర్విల్ కూర్చునే కుర్చీ మీద ఎవరిదో సంచి ఉంటుంది. ఇవాళ వెర్నా రోడ్డు అంచుకి రాగానే అలాంటి తెల్లకారే మెత్తగా ఆగింది. ఆమె వంగి చూసింది. స్టీరింగ్ వెనక సీటు ఖాళీ. ఆమె కదల్లేదు, కారూ కదల్లేదు.

"ఆగిందిగా పెద్దమ్మా, దాటవేం?" గుమ్మంలోంచి లుపీటా కేకేసింది.

"ఆగింది సరే. నన్ను చూసిందెవరు?"

కారు వెనకున్న ట్రక్కువాడు చిరాకుగా హారన్ కొట్టాడు. వెర్నా మొహం విప్పారింది. అతని కళ్ల కోసం మెడ సాచి, చెయ్యెత్తింది.