పెంటయ్య కాలిమీది మానని పుండు

లక్డారం ఊరి పెంటయ్య నా దగ్గరికి మొదటిసారి వచ్చింది 2022 వానాకాలంలో. పటాన్‌చెరులో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నేను అప్పుడు కట్లు కట్టే నర్సును. అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీ దిగి, ఆ నీలం చొక్కాతోనే మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాడు. యాభై నాలుగేళ్ల బక్కపలచని మనిషి. బెంచీ మీద కూర్చుని, ఎవరూ చెప్పకముందే ఎడమకాలి ప్యాంటు మోకాలిదాకా మడిచేవాడు.

మోకాలి కింద నుంచి చీలమండ దాకా పాత కాలిన మచ్చ. చర్మం మెరుస్తూ, బిగుసుకుపోయి, ఎముకకు అతికించినట్టుండేది. ఆ మచ్చ నడిమధ్యలో రూపాయి బిళ్లంత పుండు.

"ఇది కొత్తది కాదు సిస్టరమ్మా," అన్నాడు. "ఇరవై మూడేండ్ల సంది గిదే కథ. చలికాలం వస్తే పగుల్తది, ఎండకాలం మాన్తది. ఈసారే జెర మొండికేసింది."

"ఎన్నాళ్లయింది?"

"సంక్రాంతి ముంగట మొదలైంది. పసుపు పెట్టిన, కొబ్బరినూనె పెట్టిన. మా ఊరి ఆరెంపీ మలాం ఇచ్చిండు."

అంటే ఎనిమిది నెలలు. ఆ లెక్క నా నోటితో నేనే వేశాను, అయినా నాకేమీ తట్టలేదు. మా డాక్టరుగారు షుగర్ పరీక్ష చేయించారు. షుగర్ లేదు. మాత్రలు రాశారు. రోజు మార్చి రోజు కట్టు కట్టమన్నారు. కట్టాను. ఆరు వారాలు కట్టాను.

ఆ ఆరు వారాల్లో పెంటయ్య తన కథ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. 1999లో అతను ఒక రసాయనాల కంపెనీలో హెల్పరు. ముర్తుజా అనే పటాన్‌చెరు మనిషి అతని జోడీ. ఒకరోజు పైపు జాయింటు ఊడి మరిగిన కాస్టిక్ నీళ్లు ఇద్దరి మీదా పడ్డాయి. పెంటయ్యకు కాలు, ముర్తుజాకు కుడి ముంజేయి. కంపెనీవాళ్లు నాలుగు రోజులు దవాఖానలో ఉంచి ఇంటికి పంపారు. కాలినచోట వేరే చర్మం తెచ్చి అతికించాలని ఎవరూ చెప్పలేదు. ఐదు నెలలు మంచంలో ఉంటే దానంతటదే మూసుకుపోయింది. అలా మూసుకున్న చర్మమే ఈ మచ్చ. తర్వాత ఆ పని మానేశాడు. భార్య సుమిత్ర వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో కలుపు తీయడానికి పోయేది. ఒక్కతే బిడ్డ, పెళ్లయి జహీరాబాద్‌లో ఉంటుంది.

ఐదో వారానికి పుండు అంచులు పైకి లేచాయి. దూది తగిలితే చాలు రక్తం వచ్చేది. వాసన మొదలైంది. పుండు వాసనలు నాకు తెలుసు, ఇది వేరు. డాక్టరుగారికి చెబితే మందు మార్చారు. ఆ తర్వాతి వారం నుంచి పెంటయ్య రాలేదు.

మళ్లీ కనిపించింది 2023 జనవరిలో. ఈసారి పక్కన ఒక గడ్డం మనిషి ఉన్నాడు. అతనే ముర్తుజా. పెంటయ్య కట్టు విప్పి చూశాను. అరచేయంత అయింది. మధ్యలో గుంట, చుట్టూ గోబిపువ్వు లాగా గడ్డలు.

"మొన్న దసరాకు ఒక నర్సింగ్ హోంల కోయించుకున్న," అన్నాడు పెంటయ్య. "మురికి మాంసం మొత్తం తీసేసినం అన్నరు. నెలన్నర మంచిగనే ఉండె. మళ్ల లేచింది."

"కోసిన ముక్కను పరీక్షకు పంపారా? రిపోర్టు ఉందా?"

"ముక్కకు రిపోర్టు ఏంది?" అన్నాడు. "బకెట్ల పారేసిండ్రు. నా కండ్ల ముంగటనే."

ఆ మధ్యాహ్నమే మా డాక్టరుగారు చీటీ రాసి హైదరాబాద్‌లోని సర్కారు క్యాన్సర్ దవాఖానకు పంపారు. క్యాన్సర్ అన్న మాట వినగానే పెంటయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "నేను బీడీ కూడ తాగను," అన్నాడు.  నాకు మనసు ఆగక, సెలవు పెట్టి ప్రతిసారీ వాళ్లతో నేనూ వెళ్లాను. చేసిన తప్పుకు అది ఏ మూలకూ రాదని తెలుసు.

అక్కడి సర్జన్ నిషిత. చిన్న వయసే, కాని మాటలో తొందర లేదు. పుండును నొక్కి చూసింది, తర్వాత గజ్జల్లో వేళ్లు పెట్టి గడ్డల కోసం చాలాసేపు వెతికింది. అప్పటికి అక్కడ ఏమీ తగల్లేదు.

"కాలిన మచ్చల మీద ఏళ్ల తర్వాత ఇట్లాంటి పుండు లేస్తుంది," అంది. "ముందు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

వెంట వచ్చిన సుమిత్ర భయపడింది. "కత్తి తాకితే పాకుతదంటరు గద మేడం?"

"కత్తి తాకితే పాకదమ్మా. సగం కోసి, సగం వదిలేసి, ఏంటో చూడకుండా కుట్టేస్తే లోపలే పెరుగుతుంది. ఈయనకు జరిగింది అది."

పది రోజులకు రిపోర్టు వచ్చింది. చర్మ క్యాన్సరే. నిషిత కాగితం మీద కాలు బొమ్మ గీసి చూపించింది. పుండుతో పాటు దాని చుట్టూ రెండు వేళ్ల వెడల్పున బాగున్నట్టు కనిపించే చర్మం కూడా తీసేయాలి, ఎందుకంటే కంటికి కనిపించని వేర్లు అక్కడే ఉంటాయి. ఖాళీ అయినచోట తొడ మీది నుంచి పలుచగా గీసిన చర్మం అతికిస్తారు. తీసిన మొత్తాన్నీ మళ్లీ పరీక్షకు పంపుతారు. అన్ని వైపులా అంచులు శుభ్రంగా ఉన్నాయని ఆ రిపోర్టులో వస్తేనే ఆపరేషన్ అయినట్టు.

"అడుగున ఎముక దగ్గరుంది," అంది చివరికి. "అడుగు అంచులో కూడా క్యాన్సర్ కనిపిస్తే మోకాలి కింద కాలు తీయాల్సి రావచ్చు. ఇప్పుడే చెబుతున్నా, తర్వాత చెప్పలేదనొద్దు."

ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు ఇచ్చిన కాగితం మీద పెంటయ్య వేలిముద్ర వేయబోయి, ఆగి, పెన్ను అడిగి పేరు రాశాడు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. బయటికి రాబోతూ పెంటయ్య ఆగిపోయాడు. "ముర్తుజా భాయ్, చెయ్యి చూపియ్యి."

"నాదేముంది పెంటన్నా. నీ పని చూస్కో."

"అంగీ మడువు."

ముర్తుజా మడవలేదు. పెంటయ్య కుంటుకుంటూ పోయి అతని గుండీ తానే విప్పాడు. ముంజేతి మచ్చ మీద శనగగింజంత పుండు, పైన ఎండిన పక్కు. నాలుగు నెలలుగా ఉందట. ఇంట్లో భార్య రుఖయ్యాకు కూడా చెప్పలేదట.

"నాకన్న ముంగట వీనిది చూడండి మేడం," అన్నాడు పెంటయ్య. "నాది ఎట్లన్న పెద్దదైంది."

ముక్క తీసి పరీక్షిస్తే ముర్తుజాదీ క్యాన్సరేనని తేలింది. ఫిబ్రవరిలో ఇద్దరికీ ఆపరేషన్లయ్యాయి. ముర్తుజాకు చేతికి మత్తు ఇచ్చి గంటలో తీశారు, మర్నాడు ఇంటికి పోయాడు. అతని అంచులు శుభ్రంగా వచ్చాయి. పెంటయ్యకు నడుములో మత్తు ఇచ్చారు. మూడు గంటలు. కాలు తెలియలేదుగాని మాటలన్నీ వినిపించాయని తర్వాత చెప్పాడు. ఐదో రోజు మొదటి కట్టు విప్పినప్పుడు అతికించిన చర్మం గులాబీ రంగులో పట్టుకుని ఉంది. కాలి కంటే చర్మం గీసిన తొడే ఎక్కువ మండిందట. అది ఎవరూ ముందుగా చెప్పలేదని అతనికి కోపం.

రిపోర్టు పదకొండో రోజు వచ్చింది. చుట్టుపక్కల అంచులు శుభ్రం. అడుగు అంచు కాదు.

నిషిత కుర్చీ దగ్గరికి లాక్కుని అతని మంచం పక్కన కూర్చుంది. కాలు తీయాలని చెప్పింది. ఇప్పుడు తీస్తే బతికే అవకాశం బాగా ఉందనీ, ఆలస్యమైతే గజ్జల్లోకి పోతుందనీ చెప్పింది.

"పైన మానింది గద మేడం," అన్నాడు పెంటయ్య. "మీరే చూసిండ్రు. చర్మం పట్టుకుంది."

"పైన మానింది. కింద ఉంది."

అతను ఒప్పుకోలేదు. సుమిత్ర కాళ్లు పట్టుకుంది, ముర్తుజా తిట్టాడు, బిడ్డ ఫోన్లో ఏడ్చింది. "ఒంటికాలోన్ని గేటు దగ్గర ఎవడు నిలబెట్టుకుంటడు?" అన్నాడు. ఇంకోమాట కూడా అన్నాడు, అది నాతోనే. "మీరందరు ఒక్కొక్కలు ఒక్కొక్కటి చెప్పిండ్రు సిస్టరమ్మా. మలాం అన్నరు, మురికి మాంసమన్నరు, చర్మం అతికిస్తె అయిపాయె అన్నరు. ఇప్పుడు కాలంటున్నరు. రేపేం అంటరు?"

 చర్మం అతికిస్తే అయిపోతుందని నిషిత అనలేదు, కాలు సంగతి ముందే చెప్పింది. కాని అప్పటికే అతనికి మా మీద నమ్మకం చచ్చిపోయింది. దాన్ని చంపినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంటికి పోయాడు. సదాశివపేట వైపు ఎవరో ఆకుపసరు కట్టు కడతారంటే ఐదు నెలలు అటు తిరిగాడు. పై చర్మం బాగానే ఉండడంతో మళ్లీ డ్యూటీలో చేరాడు. ఆ రోజుల్లో ఒకసారి బస్టాండ్‌లో కనిపించి, ప్యాంటు మడిచి గర్వంగా చూపించాడు. నేను వంగి గజ్జల దగ్గర చూడనివ్వమని అడగలేకపోయాను, నలుగురిలో. గజ్జల్లో గడ్డలున్నాయేమో చూడమని ఫోన్ చేసి సుమిత్రకు చెప్పాను. "చెయ్యి పెట్టనిస్తలేడు సిస్టరమ్మా," అంది.

ఆగస్టులో గజ్జలో నిమ్మకాయంత గడ్డ లేచింది. కాలిమీద అతికించిన చర్మం కింద నుంచి పుండు మళ్లీ పొడుచుకొచ్చింది. అప్పుడు తానే, ఎవరూ పిలవకుండానే, ముర్తుజా ఇంటికి నడిచిపోయి, "పోదాం పా," అన్నాడట.

నిషిత ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. మోకాలి కింద కాలు తీశారు. గజ్జల్లోని గడ్డలు తీశారు. తర్వాత కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్, ఇరవై ఐదు సార్లు. గజ్జ కుట్లు విడిపోయి నీరు కారింది. తొడ వాచి దుంగలా అయింది. జైపూర్ పెట్టుడుకాలుకు కొలతలు తీసుకున్నారు గాని, వాపు వల్ల ఏ రోజూ అది ఎక్కలేదు. లేని పాదం దురద పెడుతోందని, గోకమని సుమిత్రను అడిగేవాడు. ఆమె మంచం కోసలో ఆ చోటున దుప్పటి మీద గోకేది. కొన్నిసార్లు తగ్గిందనేవాడు.

ముర్తుజా మూడు నెలలకోసారి చెకింగ్‌కు పోయేవాడు, ఇంకా పోతున్నాడు. పోయిన ప్రతిసారీ లక్డారం వచ్చి చెయ్యి చూపించాల్సిందే. పెంటయ్య మంచం మీద పడుకునే ఆ మచ్చను వేళ్లతో తడిమి, చంకలో గడ్డలున్నాయేమో చూసి పంపేవాడు. నిషిత ఎలా చూసిందో అలాగే చూసేవాడు. పాత కంపెనీలో కాలినవాళ్లు ఇంకెవరున్నారని ఇద్దరూ గుర్తు చేసుకున్నారు. చిన్నరాములు అనే అతని వీపు మీద మచ్చ ఉండాలి. ముర్తుజా వెతికి పట్టుకునేసరికి అతను చనిపోయి ఏడాది. దేనితో చనిపోయాడో ఇంట్లోవాళ్లకు సరిగా తెలియదు. వీపు మీద పుండు ఉండేదని మాత్రం చెప్పారు.

2024 మార్చిలో దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మచ్చలు కనిపించాయి. నిషిత ఇంక కోసేది ఏమీ లేదని, నొప్పి లేకుండా చూద్దామని చెప్పింది. చివరి నెల రోజులు నేను ఆదివారాలు లక్డారం పోయి గజ్జ పుండుకు కట్టు కట్టాను. వాసన తెలియకుండా నిషిత చెప్పిన మాత్రను పొడి చేసి పుండు మీద చల్లేదాన్ని. కట్టు అయ్యేదాకా అతను గోడవైపు చూసేవాడు. ఒకసారి మాత్రం, "ఎవరన్న పుండు నెలకు మాన్తలేదని వస్తె ఏం చేస్తున్నవ్ ఇప్పుడు?" అని అడిగాడు.

"ముక్క తీయించమంటున్నా. తీసింది పారేయొద్దని, రిపోర్టు చేతికొచ్చేదాకా ఊరుకోవద్దని చెబుతున్నా."

"వింటున్నరా?"

"కొందరు వింటున్నారు."

"విననోళ్లను తిట్టకు," అన్నాడు.

ఏప్రిల్ పన్నెండున పొద్దున సుమిత్ర జావ తాగిస్తుంటే చనిపోయాడు.

నెల తర్వాత సుమిత్ర మా దవాఖానకు వచ్చింది. మిగిలిపోయిన దూది, బ్యాండేజీలు ఒక సంచిలో తెచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చోమంటే కూర్చుంది. కొంచెంసేపయ్యాక అడిగింది.

"ఆ దసరాకు కోసిన ముక్కను చూసి ఉంటె బతుకుతుండెనా సిస్టరమ్మా?"

"బతికేవాడేమో," అన్నాను.  అక్కడితో ఆగదలచుకోలేదు. "అంతకు ముందు నా దగ్గర ఆరు వారాలు కట్టించుకున్నాడు. అప్పుడే చూడాల్సింది. వాసన మారింది, నాకు తెలిసింది. డాక్టరుగారు మందు మారిస్తే నేను ఊరుకున్నాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆయనకు ఎర్కనే," అంది. "నీ పేరు ఎన్నడు ఎత్తలే."

లక్డారం ఆటో టైమైందని లేచింది. సంచి ఖాళీ చేసి మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.